ఓపెన్ సెసమీలో ఆ టెనర్ ఎవరిది? యాప్‌లో పేరే లేదు

కొత్తచెవి
జాజ్ వినడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఫ్రెడ్డీ హబ్బార్డ్ 'ఓపెన్ సెసమీ' ఆల్బమ్ రోజూ మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ వింటాను. హబ్బార్డ్ ట్రంపెట్ గురించి ఎక్కడ చూసినా రాశారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన పక్కన వాయిస్తున్న టెనర్ సాక్సఫోన్. అరవడు, తొందరపడడు. ఏదో మనసులో మాట చెబుతూ మధ్యలో ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నట్టు ఉంటుంది. నిన్న 'జిప్సీ బ్లూ' వింటూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

ఎవరా అని యాప్‌లో వెతికితే హబ్బార్డ్ పేరు, ఆల్బమ్ పేరు, సంవత్సరం. అంతే. ఐదుగురు వాయిస్తే ఒక్కడి పేరేనా? మిగతా నలుగురూ ఏమైపోయారు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బేస్‌లైన్
టీనా బ్రూక్స్. పేరు చూసి ఆవిడ అనుకోకు, ఆయన. అసలు పేరు హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్. చిన్నప్పుడు బుల్లిగా ఉండేవాడని 'టీనీ' అనేవాళ్లు, అదే టీనా అయింది. బేస్ సామ్ జోన్స్, డ్రమ్స్ క్లిఫర్డ్ జార్విస్, పియానో మెకాయ్ టైనర్.

కొత్తచెవి
మెకాయ్ టైనర్ అంటే తర్వాత సాక్సఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ బృందంలో పేరు తెచ్చుకున్న ఆయనేనా?

బేస్‌లైన్
ఆయనే. అప్పటికి 21 ఏళ్లు. హబ్బార్డ్‌కి 22. బ్రూక్స్‌కి 28. నువ్వు స్టేషన్ దాటిపోయిన 'జిప్సీ బ్లూ' రాసింది కూడా బ్రూక్సే. 'ఓపెన్ సెసమీ' పాటా ఆయనదే.

కొత్తచెవి
ఆల్బమ్ పేరు పాట రాసిన మనిషి పేరు కూడా లేదన్నమాట!

రికార్డు_రామం
ఈ ప్రశ్న కోసం చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నా బాబూ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

'ఓపెన్ సెసమీ' రికార్డు చేసింది 1960 జూన్ 19న. సరిగ్గా ఆరు రోజులకి, జూన్ 25న, అదే బ్లూ నోట్ కంపెనీకి బ్రూక్స్ తన సొంత పేరుతో 'ట్రూ బ్లూ' చేశాడు. ఈసారి హబ్బార్డ్ అతని పక్కన నిలబడ్డాడు. పియానో డ్యూక్ జోర్డన్, బేస్ మళ్లీ సామ్ జోన్స్, డ్రమ్స్ ఆర్ట్ టేలర్. ఒకే వారం, ఇద్దరు కుర్రాళ్లు, రెండు రికార్డులు. హబ్బార్డ్ అక్కడి నుంచి ఎక్కడికో వెళ్లిపోయాడు. బ్రూక్స్ బతికుండగా ఆయన పేరు మీద బయటికొచ్చింది ఆ ఒక్క 'ట్రూ బ్లూ'నే. బ్లూ నోట్‌కి నాయకుడిగా నాలుగు ఆల్బమ్‌లు రికార్డు చేశాడు. మూడు అలా అటక మీదే ఉండిపోయాయి. 1974లో పోయాడు, 42 ఏళ్లకి.

ఇప్పుడు నా దగ్గరున్న ఒక వస్తువు గురించి చెబుతా. బ్లూ నోట్ వాళ్లు ఎల్పీని దాచే లోపలి కాగితం కవరు మీద మిగతా రికార్డుల అట్టలు తపాలా బిళ్లల్లాగా వరసలు వరసలుగా అచ్చేసేవాళ్లు. నేను కొన్న వేరే ఎవరిదో పాత ఎల్పీలో ఆ కవరు పసుపుపచ్చగా మారి, మడత దగ్గర చిరిగి ఉంది. ఒక రోజు భూతద్దం పెట్టి ఒక్కొక్క బొమ్మా చూస్తున్నా. అందులో 'బ్యాక్ టు ద ట్రాక్స్', టీనా బ్రూక్స్, నంబరు 4052. అట్ట తయారైంది, నంబరు ఇచ్చారు, ప్రకటన అచ్చేశారు. రికార్డు మాత్రం రాలేదు. దుకాణానికి వెళ్లి అది కావాలని అడిగినవాళ్లు ఎంతమంది ఉత్త చేతులతో తిరిగొచ్చారో. అది జనానికి అందేసరికి 1985 వచ్చేసింది. ఆ గోరంత బొమ్మ చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీలిరాగం
రామం గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఎందుకు ఆపేశారో?

రికార్డు_రామం
ఎవరూ కచ్చితంగా చెప్పరమ్మా. ఆ కంపెనీ అమ్మగలిగినదానికంటే ఎక్కువ రికార్డు చేసేది. హెరాయిన్ కూడా ఆయన్ని బాగా దెబ్బతీసింది. 1961 తర్వాత ఆయన మళ్లీ స్టూడియోలో రికార్డు చేయలేదు.

నిక్కచ్చి
అందరికీ కోపం వస్తుందని తెలుసు, అయినా చెబుతా. పేరు రానివాళ్లంతా గొప్పవాళ్లని అనుకోవడం మనకి అలవాటైపోయింది. బ్రూక్స్ బాగా వాయిస్తాడు, కాదనను. కానీ అదే కాలంలో కోల్ట్రేన్, రోలిన్స్, మోబ్లీ, డెక్స్టర్ గోర్డన్ లాంటి టెనర్ వాళ్లందరూ ఉన్నారు. ఆ గుంపులో వెనకబడటం అన్యాయం కాదు, పోటీ. అరుదుగా దొరికే రికార్డుకి ధర పెరిగితే వాయించినవాడి స్థాయి కూడా పెరిగిందనుకుంటాం.

బేస్‌లైన్
మోబ్లీ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఆయన్ని లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు టెనర్‌లో 'మిడిల్‌వెయిట్ చాంపియన్' అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఒక్కడూ 'అంటే రెండో రకమే కదా' అనే అర్థంలో వాడాడు. ఒక్క మాట ఒక మనిషికి జీవితాంతం అంటుకుపోయింది. దీన్ని పోటీ అంటారా?

నిక్కచ్చి
అది విమర్శకుల తప్పు. నేను మాట్లాడింది చెవి గురించి.

బేస్‌లైన్
చెవి దాకా చేరితే కదా! మూడు రికార్డులు అటక మీద పడేస్తే పోటీ ఎవరితో?

ఎడిసన్_తమ్ముడు
విమర్శకుల సంగతి వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. నేను న్యూజెర్సీలో ఎంఎస్ చేశాను. నూఅర్క్‌లో రట్గర్స్ యూనివర్సిటీ లైబ్రరీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్ అని ఒకటుంది. 1952లో మార్షల్ స్టెర్న్స్ అనే ప్రొఫెసర్ తన సొంత సేకరణతో మొదలుపెట్టింది, 1966లో రట్గర్స్‌కి వచ్చింది. ముందుగా చెప్పి వెళ్తే ఎవరైనా కూర్చుని చూసుకోవచ్చు. శుక్రవారం క్లాసులు లేనప్పుడు అక్కడే ఉండేవాణ్ని.

అక్కడ పాత 'డౌన్‌బీట్' సంచికలు బైండు చేసి పెట్టారు. 1934లో షికాగోలో మొదలైన పత్రిక. పేజీ తిప్పితే పాత న్యూస్‌ప్రింట్ వాసన, వేళ్లకి గోధుమరంగు పొడి. సాక్సఫోన్ రీడ్ల ప్రకటనలు, క్లబ్బుల ప్రకటనలు, రికార్డులకి ఐదు నక్షత్రాల లెక్కలో మార్కులు. 1961 నవంబర్ సంచికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీ కలిసి వాయించేదాన్ని 'యాంటీ జాజ్' అన్నాడు. నేను ఆ పేజీ నా కళ్లతో చూశాను. కోల్ట్రేన్‌కే ఆ గతి పట్టింది. వాళ్లిద్దరి జవాబు 1962 ఏప్రిల్‌లో వచ్చింది, ఎంతో నిదానంగా, ఎవరినీ తిట్టకుండా. డాల్ఫీ అందులో పక్షుల పాట గురించి చెప్తాడు. కాలిఫోర్నియాలో ఇంటి దగ్గర పక్షులతో కలిసి వాయించేవాడినని. 1964లో బెర్లిన్‌లో పోయాడు, 36 ఏళ్లకి.

కాబట్టి నిక్కచ్చి గారూ, ఆ రోజుల్లో ఎవరు మిగలాలో ఎవరు పోవాలో చెవులు ఒక్కటే నిర్ణయించలేదు. నెలకి రెండుసార్లు వచ్చే ఒక పత్రిక కూడా నిర్ణయించింది.

నిక్కచ్చి
సరే, ఇది ఒప్పుకుంటా. కానీ అదే పత్రిక పాత సంచికలు లేకపోతే నీకు ఈ సంగతీ తెలిసేది కాదు తమ్ముడూ.

ఎడిసన్_తమ్ముడు
అదీ నిజమే అన్నా. కోపం తెచ్చుకుంటూనే రోజంతా చదివాను.

షార్ట్‌వేవ్_తాత
మీరు పత్రికలంటున్నారు. మా కాకినాడలో 1960ల్లో డౌన్‌బీట్ ఎక్కడిది! మాకు రేడియోనే. వాయిస్ ఆఫ్ అమెరికా, షార్ట్‌వేవ్. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక సెట్టు మీద దుప్పటి కప్పి వినేవాణ్ని. జాజ్ కార్యక్రమం ముందు వచ్చే 'టేక్ ది ఏ ట్రైన్' మొదలవగానే ఒళ్లు జల్లుమనేది. తర్వాత విల్లిస్ కానోవర్ గొంతు. ఒక్కొక్క మాటా విడదీసి, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పేవాడు. పాట ఎవరిది, ట్రంపెట్ ఎవరు, బేస్ ఎవరు, అన్నీ. నేను నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకునేవాణ్ని. పియానిస్ట్ మంక్ పేరు 'థెలోనియస్' అన్నది మూడు రకాలుగా రాసి ఉంది అందులో.

అబ్బాయి అడిగాడే, మిగతా నలుగురి పేర్లేవీ అని. ఆ రోజుల్లో ఆయన మాకు చెప్పేవాడు నాయనా.

ఇంకో సంగతి. 1955 నుంచి 1996లో పోయేదాకా కానోవర్ ఆ ప్రసారాలు చేశాడు. ప్రపంచమంతా కోట్లమంది విన్నారు. అమెరికాలో మాత్రం ఆయన ఎవరో పెద్దగా తెలియదు. వాయిస్ ఆఫ్ అమెరికా సొంత దేశంలో ప్రసారం చేయకూడదని అప్పట్లో వాళ్ల చట్టమట. మీ జాబితాలో ఆయన పేరు కూడా రాయండి. సాక్సఫోన్ వాయించకపోతేనేం.

నీలిరాగం
తాతగారూ, ఆ నోట్‌బుక్ ఇంకా ఉందా?

షార్ట్‌వేవ్_తాత
ఉందమ్మా. చెదలు రెండు పేజీలు తిన్నాయి. మిగతాది నా పెట్టెలో భద్రం.

కొత్తచెవి
తాతగారూ, ఒక పేజీ ఫొటో పెట్టండి ప్లీజ్.

ఖరగ్‌పూర్_వీధి
అమెరికాలో మర్చిపోయిన మనిషిని మన దేశంలో వెతకాల్సి వచ్చిన కథ ఇది. మాది ఖరగ్‌పూర్ రైల్వే తెలుగు కుటుంబం, మూడో తరం. కలకత్తా వెళ్తే నాన్న నన్ను ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కి తీసుకెళ్లేవారు, పాత రికార్డుల దుకాణాలకి. అక్కడ ఒక 78 ఆర్‌పీఎం పాత రికార్డు దొరికింది. లేబుల్ మీద టెడ్డీ వెదర్‌ఫర్డ్.

1920ల షికాగోలో ఎర్ల్ హైన్స్‌తో సమానంగా చెప్పుకున్న పియానో వాద్యకారుడు. ఆ తర్వాత తూర్పు దేశాలకి వచ్చేశాడు. షాంఘై, బొంబాయి తాజ్, చివరికి యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్. కలకత్తాలో రికార్డులూ చేశాడు. 1945లో ఆ ఊళ్లోనే కలరాతో పోయాడు. మళ్లీ అమెరికాలో స్థిరపడనే లేదు. హైన్స్ పేరు ప్రతి జాజ్ చరిత్రలో ఉంటుంది. ఈయనకి ఒక పేరా దొరికితే గొప్ప.

ఆ 78 ఇప్పటికీ నా దగ్గరుంది. అంచున చిన్న పెచ్చు ఊడింది. ముల్లు పెడితే ముందు వాన కురుస్తున్నట్టు చప్పుడు, దాని వెనకాల ఎడమచెయ్యి గట్టిగా, కుడిచెయ్యి అలవోకగా. ఆ ప్లేట్లు లక్కతో చేసేవాళ్లని తెలుసు కదా. మన ఏటికొప్పాక బొమ్మల మీద పూసే లక్కే. లక్క మన దేశం నుంచే ప్రపంచమంతా వెళ్లేది.

మృదంగం_మూర్తి
లక్క మాట బాగుంది. ఏటికొప్పాక మా పక్క ఊరే, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు.

కలకత్తా పేరు వచ్చింది కాబట్టి, గిటారు కార్ల్‌టన్ కిట్టో పేరు కూడా చెప్పండి ఎవరైనా. బీబాప్ అనే వేగమైన జాజ్ తప్ప ఇంకేం వాయించనని పట్టుబట్టి కూర్చున్న మనిషి. 2016లో పోయారు. శిష్యులకి నేర్పుతూ ఊరు వదలకుండా ఉండిపోయారు.

నాది ఇంకో కోణం. 1958లో అమెరికన్ జాజ్ పియానిస్ట్ డేవ్ బ్రూబెక్ మద్రాసు వచ్చినప్పుడు మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్లైతో కలిసి వాయించాడు. బ్రూబెక్ లయ గురించి రాసిన ప్రతిచోటా టర్కీ వీధుల తాళం గురించి చెబుతారు. పిళ్లై గారి మాట ఎక్కడో ఒక మూల. మృదంగం చేతబట్టినవాళ్లకి ఆయన దేవుడితో సమానం. జాజ్ వాళ్ల లెక్కలో మాత్రం పేరుపొందని 'స్థానిక కళాకారుడు'.

బేస్‌లైన్
బ్రూబెక్ స్వయంగా గౌరవంగానే మాట్లాడేవాడండీ ఆ కలయిక గురించి.

మృదంగం_మూర్తి
ఆయన్ని అనడం లేదు. రాసినవాళ్లని అంటున్నా.

నీలిరాగం
ఇంతసేపటి నుంచి చూస్తున్నా, ఒక్క ఆడవాళ్ల పేరూ రాలేదు. డొరతీ ఆష్‌బీ. డెట్రాయిట్ ఆవిడ. హార్ప్ మీద బీబాప్ వాయించింది. హార్ప్ అంటే పెళ్లిళ్లలో వెనకాల వినిపించే వాద్యం అనుకునే రోజుల్లో ఆ వాద్యం చేత స్వింగ్ చేయించింది. 1968 'ఆఫ్రో హార్పింగ్' వినండి. తర్వాత స్టీవీ వండర్ 'ఇఫ్ ఇట్స్ మ్యాజిక్' పాటలో హార్ప్ ఒక్కటే ఉంటుంది, అది ఆష్‌బీ వేళ్లే. ఆ పాట లక్షలమంది విన్నారు, ఆ పేరు ఎంతమంది చెప్పగలరు?

మెల్బా లిస్టన్ కూడా. ట్రాంబోన్. పియానిస్ట్ రాండీ వెస్టన్ రికార్డుల్లో ఏళ్ల తరబడి బ్యాండంతటికీ అమర్చి రాసింది ఆవిడే. అట్ట మీద పేరు వెస్టన్‌ది.

ధర్మవరం_కుర్రాడు
హార్ప్ అంటే జాన్ కోల్ట్రేన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్ గుర్తొస్తుంది అక్కా. మా జిల్లావాళ్లకి ఆవిడతో ఒక బంధం ఉంది. ఆవిడ సత్యసాయిబాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో 1983లో పెట్టిన ఆశ్రమానికి తర్వాత సాయి అనంతం అని పేరు మార్చింది. మా ఇంట్లో పుట్టపర్తి భజనలు వింటూ పెరిగాను. ఒక రోజు 'తురీయా సింగ్స్' విన్నాను. అవే భజనలు, కానీ వెనకాల ఆర్గాన్ నల్లజాతివాళ్ల చర్చిలో మోగినట్టు మోగుతోంది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి 'ఎవర్రా పాడేది, మన ఉచ్చారణ కాదు కానీ మనసు మనదే' అంది.

1982లో క్యాసెట్టుగా మాత్రమే వచ్చింది. ఆవిడ శిష్యులకే ఎక్కువగా దొరికేది. ప్రపంచానికి తెలిసేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. ఆ ఆశ్రమం 2018 కార్చిచ్చులో కాలిపోయింది.

నిక్కచ్చి
భజనలు జాజ్ ఎలా అవుతాయి? ఆవిడ మీద గౌరవం ఉంది, 'జర్నీ ఇన్ సచ్చిదానంద' నాకూ ఇష్టమే. కానీ గీత ఎక్కడో ఒకచోట గీయాలి.

ధర్మవరం_కుర్రాడు
ఆవిడ చిన్నప్పుడు డెట్రాయిట్‌లో చర్చిలో పియానో, ఆర్గాన్ వాయించింది అన్నా. జాజ్ అక్కడి నుంచే మొదలైంది కదా ఆవిడకి. చివరికి అక్కడికే మన భజన పట్టుకుని వెళ్లింది. గీత గీస్తే ఆవిడ సగం అటు, సగం ఇటు పడుతుంది.

నీలిరాగం
జాన్ బతికుండగానే ఆయన బృందంలో మెకాయ్ టైనర్ స్థానంలో ఆవిడ కూర్చోవడమే తప్పన్నట్టు రాశారు అప్పటి వాళ్లు. ఆయన ఆర్డరిచ్చిన హార్ప్ ఆయన పోయాక ఇంటికొచ్చింది. దాన్ని తీసుకుని ఆవిడ నేర్చుకుంది. ఈ ఒక్క సంగతి చాలు నాకు.

టోక్యో_ట్రైన్
నాలుగేళ్లు టోక్యోలో పనిచేశాను. అక్కడ జాజ్ కిస్సా అని చిన్న చిన్న కాఫీ కొట్లు ఉంటాయి. పది మంది పడతారు. గోడ నిండా ఎల్పీలు, మనిషంత స్పీకర్లు, కొన్నింట్లో మాట్లాడటం నిషేధం. మీరు అడిగిన రికార్డు వేసి, ఆ అట్టని మీకు కనిపించేలా నిలబెడతారు, ఎవరు వాయిస్తున్నారో చదువుకోమని. కొత్తచెవి గారికి కావాల్సింది అదే.

పియానిస్ట్ సానీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్' తెలుసు కదా, నడుస్తున్న కాళ్ల బొమ్మ ఉన్న అట్ట. 1958. అమెరికాలో ఆయన 31 ఏళ్లకి పోయాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జపాన్‌లో ఆ రికార్డు లేని కిస్సా నాకు కనబడలేదు. అక్కడ 'స్వింగ్ జర్నల్' అనే పత్రిక 1947 నుంచి 2010 దాకా వచ్చింది. ఇటుకంత లావు. బ్రూక్స్ 'మైనర్ మూవ్' కూడా మొదట జపాన్‌లోనే విడుదలైంది, 1980లో.

రికార్డు_రామం
ఇది ముఖ్యం. 1985లో మొజాయిక్ అనే రికార్డు కంపెనీ వాళ్లు బ్రూక్స్ నాయకుడిగా చేసిన బ్లూ నోట్ రికార్డులన్నీ ఒక పెట్టెగా వేశారు. మైకేల్ కస్కూనా అనే ఆయన ఏళ్ల తరబడి బ్లూ నోట్ టేపులు ఒక్కొక్కటీ విని, ఏ తేదీన ఎవరు వాయించారో పట్టిక రాశాడు. బ్రూక్స్ మనదాకా వచ్చాడంటే ఆయన చలవే. కస్కూనా 2024లో పోయాడు. పియానిస్ట్ హెర్బీ నికల్స్‌ని కూడా వాళ్లే బయటికి తెచ్చారు. నికల్స్ 'లేడీ సింగ్స్ ద బ్లూస్' పాటకి బాణీ కట్టాడు, గాయని బిల్లీ హాలిడే మాటలు రాసింది. బతుకుతెరువుకి మాత్రం తనకి నచ్చని డిక్సీలాండ్ అనే పాతకాలపు జాజ్ బ్యాండ్లలో వాయించుకుంటూ 44 ఏళ్లకే కాలం చేశాడు.

బేస్‌లైన్
అందరూ పోయినవాళ్ల గురించే చెబుతున్నారు. తిరిగొచ్చినవాడి కథ చెప్తా. హెన్రీ గ్రైమ్స్, బేస్. రోలిన్స్, సెసిల్ టేలర్, ఆల్బర్ట్ ఐలర్ అందరితో వాయించాడు. 1960ల చివర్లో మాయమయ్యాడు. చనిపోయాడనే అనుకున్నారు. 2002లో మార్షల్ మారట్ అనే జాజ్ అభిమాని పట్టువదలకుండా వెతికి లాస్ ఏంజెలెస్‌లో ఒక్క గదిలో ఉంటున్న గ్రైమ్స్‌ని పట్టుకున్నాడు. దగ్గర బేస్ లేదు, ఎప్పుడో అమ్మేశాడు. ఐలర్ 1970లోనే పోయాడని కూడా ఆయనకి తెలియదు. విలియం పార్కర్ అనే బేస్ కళాకారుడు తన వాద్యం ఒకటి పంపించాడు. ఆకుపచ్చగా ఉండేది, పేరు ఆలివ్ ఆయిల్. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ తీగ మీద వేలు పెట్టి, 2003 నుంచి వందల కచేరీలు చేశాడు. 2020లో కోవిడ్‌తో పోయాడు.

నిక్కచ్చి
ఇది నాకు తెలియదు. ఇప్పుడే ఐలర్ 'స్పిరిట్స్ రిజాయిస్' పెట్టాను, బేస్ ఒక్కటే వింటున్నాను.

షార్ట్‌వేవ్_తాత
పేజీ ఫొటో పెట్టమన్నారుగా, మా మనవరాలు తీసిపెట్టింది. కింద నుంచి నాలుగో గీత చూడండి. 'జిమ్మీ స్మిత్, ద సెర్మన్, ఆర్గాన్. లీ మోర్గన్. లూ డొనాల్డ్‌సన్. కెన్నీ బరెల్. ఆర్ట్ బ్లేకీ. టెనర్ - టీన బ్రుక్సు.' పక్కన నేనే 'బాగు బాగు' అని రాసుకున్నాను. రాసినట్టే గుర్తులేదు. ఇందాక ఈ చర్చ చదివి వెతికితే కనబడింది.

కొత్తచెవి
తాతగారూ!!! నేను పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు మీరు విన్నారు ఆయన్ని. నాకు మాటలు రావట్లేదు.

రికార్డు_రామం
'సెర్మన్' 20 నిమిషాల పాట. ఒరిజినల్ ఉంది నా దగ్గర. కొత్తచెవి, ఉండేది హైదరాబాద్‌లోనే కదా? ఆదివారం పదింటికి మారేడ్‌పల్లి వచ్చెయ్, అడ్రసు మెసేజ్ చేస్తా. ముందు 'ట్రూ బ్లూ', తర్వాత 'సెర్మన్'. ఆ లోపలి కవరు కూడా చూద్దువుగాని, భూతద్దం నేనిస్తా.

కొత్తచెవి
వస్తాను సర్. తాతగారిని వీడియో కాల్‌లో కలుపుదామా?

షార్ట్‌వేవ్_తాత
కలపండి. పది అంటే పదింటికే కూర్చుంటాను.

టోక్యో_ట్రైన్
పాట నడిచేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దు మరి.